జరిపిన కుర్చీలు

ఏలూరు,
12 ఫిబ్రవరి 2025

పుష్పమ్మ వదినగారికి రామలక్ష్మి నమస్కారాలు.

చెవులు బొత్తిగా వినపడటం లేదు, ఇక ఫోన్లు మానేసి ఉత్తరాలు రాసుకుందామన్నారు. నాకూ అదే మేలనిపించింది. ఫోనులో మీరు "ఆఁ, ఆఁ" అంటుంటే వినపడి అంటున్నారో మర్యాదకి అంటున్నారో తెలిసేది కాదు. ఇరవై రెండేళ్ళు ఒకే స్టాఫ్ రూములో కూర్చుని మాట్లాడుకున్నాం. ఇప్పుడు కాగితం మీద మాట్లాడుకుందాం.

మా వారు పోయి నాలుగు నెలలైంది. పగలు ఎలాగో గడిచిపోతుంది. సాయంత్రం అయిదయ్యేసరికి నా చెయ్యి దానంతటదే బీరువా వైపు వెళుతుంది. నలభై ఏళ్ళు ఆయనకి క్లబ్బు చొక్కా అందించిన చెయ్యి కదండీ. అయిదుకి వెళ్ళి ఏడున్నరకి వచ్చేవారు. ఆ రెండున్నర గంటలూ నేను ఒక్కదాన్నే ఉండేదాన్ని, అయినా ఒంటరిగా అనిపించేది కాదు. రావలసిన మనిషి ఒకరుండేవారు. వచ్చాక అన్నం ముందు కూర్చుని అక్కడి కబుర్లన్నీ చెప్పేవారు. ప్రెసిడెంటు బుచ్చిబాబుగారు కొల్లేట్లో పడవ ఎక్కబోయి, ఒక కాలు గట్టు మీద, ఒక కాలు పడవలో ఉండిపోయి, "ప్రస్తుతం ఏ పార్టీలో ఉన్నానో నాకే తెలియడం లేదండీ" అన్నారట. ఆ కథ చెప్పినరోజు నాకు పొలమారింది.

ఆ క్లబ్బు సంగతి మీకు పైపైనే తెలుసు. కాలవ గట్టు మీద పెంకుల మేడ, అందులో నలభై టేకు కుర్చీలు. నలభై ఒకటోది వెయ్యరు. ఒకరు పోతేనే ఇంకొకరు రావాలి. ఎన్నికల్లో ఎవరు నిలబడాలో పార్టీ ఆఫీసులు ఎప్పుడో ప్రకటిస్తాయి గానీ, ఆ మాట ముందు పుట్టేది ఆ వరండాలోనే. అందుకని ఆ కుర్చీ కోసం కోట్లున్నవాళ్ళు కూడా ఏళ్ళ తరబడి చేతులు కట్టుకుని నిలబడతారు. కొత్తవాళ్ళకి ఓటింగు పెడతారు. మూతికి గుడ్డ కట్టిన పెట్టెలో అవునంటే గవ్వ, కాదంటే చింతగింజ వెయ్యాలి. ఒక్క చింతగింజ పడినా ఆ మనిషి ఇక రాడు.

ఓటింగు లేని దారి ఒకటే ఉంది. సభ్యుడు పోతే ఆయన కుర్చీని గోడవైపు తిప్పి ఏడాది ఉంచుతారు. ఆ ఏడాదిలోపు ఆయన భార్య ఒక పేరు రాసి, కవరు అంటించి ఇస్తే, సంవత్సరీకం రోజున తెరిచి ఆ పేరుకే కుర్చీ ఇస్తారు. అందరూ కొడుకు పేరో అల్లుడి పేరో రాస్తారు. నాకు పిల్లలు లేరుగా. ఆ ఖాళీ కవరు మొన్న బుచ్చిబాబుగారు స్వయంగా తెచ్చి ఇచ్చారు. మర్నాటి నుంచి మా గేటు చప్పుడు ఆగడం లేదు.

ఇట్లు,
రామలక్ష్మి


తాడేపల్లిగూడెం,
27 ఫిబ్రవరి 2025

రామలక్ష్మి వదినగారికి పుష్పమ్మ వందనాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పదో తరగతి పరీక్షలప్పుడు సెల్ ఫోన్లు లాక్కుని బల్ల సొరుగులో పెట్టుకునేవారు మీరు. ఇప్పుడు ఎమ్మెల్యేలనే సొరుగులో పెట్టుకున్నారన్న మాట. నాకు ఒక పంచాయతీ మెంబరు పదవైనా ఇప్పించండి.

నేను అద్దెకుంటున్న వాటా ఉల్లిపాయల మార్కెట్టు వెనకాలే. లారీలు దిగిన రోజు కిటికీ తెరిస్తే చాలు, కళ్ళు మండి నీళ్ళు కారతాయి. ఎదురింటి స్టెల్లా "ఎందుకేడుస్తున్నారు టీచరుగారూ" అని కాగితం మీద రాసి అడిగింది. ఉల్లిపాయలమ్మా అని చెప్పాను. పోనీలెండి, ఏడవాలనిపించినప్పుడు కూడా ఆ మాట పనికొస్తుంది.

కుడి కంట్లో శుక్లం ముదిరిందట, ఎడమ కంటికి ముందే సరిగ్గా ఆనదు. ఏప్రిల్ పదహారున ఆపరేషన్. చిన్నదేనంటున్నారు గానీ, డాక్టరు చెప్పేది నాకు వినపడదు, కట్టు కట్టాక రాసి చూపించినా కనపడదు. ఆ నాలుగు రోజులు మీరు వచ్చి ఉంటే ధైర్యంగా ఉంటుంది. మీ చెయ్యి పట్టుకుంటే చాలు, అటో ఇటో తెలుస్తుంది.

మీ పుష్పమ్మ


ఏలూరు,
2 ఏప్రిల్ 2025

పుష్పమ్మ వదినగారికి,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. కాఫీ గ్లాసులు కడుక్కోవడంతోనే పొద్దు గడిచిపోతోంది.

కైకలూరు దగ్గర రొయ్యల చెరువులున్న ఫణికిరణ్ అని ఒకతను, జిల్లా పరిషత్తుకి నిలబడాలని చూస్తున్నాడు. కుర్చీ లేకుండా ఆ మాట ఎత్తడానికి కూడా వీల్లేదట. అతను మర్యాదస్తుడే, కానీ నాకు బాగా దగ్గరైంది అతని భార్య భాగ్యశ్రీ. ప్రతి గురువారం క్యారియరు నిండా వంట చేసి తెస్తుంది. "పిన్నిగారూ, మీ తల నేను దువ్వుతానండి" అని వెనక కూర్చుంటుంది. నా తల ఇంకొకరు దువ్వి ఎన్నేళ్ళైందో చెప్పలేను. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. ఇంకో పక్కన బుచ్చిబాబుగారు తన అల్లుడు సూర్యతేజకి ఇమ్మని ఆదివారం ఆదివారం వస్తున్నారు. ఎవరికీ అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు.

మొన్న ఆదివారం బుచ్చిబాబుగారికి ఆ పడవ కథ గుర్తు చేశాను, నవ్వుతారని. ఆయన వింతగా చూసి, "నేను పడవెక్కి ఎరగనండీ. నాకు నీళ్ళంటే చచ్చే భయం" అన్నారు. పాపం, పెద్దవారైపోయారు. మతిమరుపు వచ్చేసింది.

మీ ఆపరేషన్ సంగతి గుర్తుంది. పదహారు బుధవారం, మర్నాడు గురువారమవుతోంది. ఆ వారం రావడం కుదిరేలా లేదు వదినా. మే నెలలో తప్పకుండా వస్తాను. స్టెల్లా ఉందిగా.

రామలక్ష్మి


తాడేపల్లిగూడెం,
9 మే 2025

రామలక్ష్మిగారికి,

ఆపరేషన్ అయింది. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని విసుక్కోకండి. ఇంకా చూపు కుదురుకోలేదు.

స్టెల్లాకి ఆ రోజు డ్యూటీ పడింది. ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళారు, ఎవరో పడుకోబెట్టారు, ఎవరో తీసుకొచ్చారు. నర్సో, ఆయానో, వేరే రోగి తాలూకు మనుషులో నాకు తెలియదు. రెండు రోజులు చీకట్లో, చప్పుడు లేకుండా ఉన్నాను. ప్రార్థన చేసుకున్నాను. ప్రభువు కృప, బయటపడ్డాను.

కట్టు విప్పిన వారానికి మీ ఫణికిరణ్ మనుషులు ఇద్దరు వచ్చారు. మామిడిపళ్ళ బుట్ట తెచ్చారు. మీరు ఎవరి పేరు రాస్తున్నారో నాకు తెలిసే ఉంటుందని, ఒక మాట చెప్పమని కాగితం మీద రాసి అడిగారు. బుట్ట తిరిగి ఇచ్చేశాను. ఒక్క మాట చెప్పనివ్వండి. వాళ్ళు వచ్చేది మీ కోసం కాదు. ఆ కవరేదో వాళ్ళ మొహాన పడేసి మనశ్శాంతిగా ఉండండి.

పుష్పమ్మ


ఏలూరు,
20 మే 2025

పుష్పమ్మగారికి,

నాకు తెలియదనుకున్నారా? ముప్ఫై అయిదేళ్ళు పిల్లల మొహాలు చూసి అబద్ధాలు కనిపెట్టినదాన్ని, భాగ్యశ్రీ ఎందుకు తల దువ్వుతోందో నాకు తెలియదా? తెలిసే కాఫీ కలుపుతున్నాను. తెలిసే తల వంచి కూర్చుంటున్నాను.

కవరు ఎందుకివ్వడం లేదో మీకు చెప్పలేదు. ఇచ్చిన రోజు నుంచి ఈ గేటు మళ్ళీ చప్పుడు కాదు. పాలవాడు ఉదయం వస్తాడు, అంతే. ఆయన పోయిన మొదటి నాలుగు నెలల్లో ఒక్కోరోజు సాయంత్రానికి నా గొంతు ఎలా ఉంటుందో మరిచిపోయి, ఊరికే పాఠం చదివినట్టు పేపరు పైకి చదువుకునేదాన్ని. ఆ నాలుగు నెలల్లో మీరెన్నిసార్లు వచ్చారు? దినాలకొకసారి వచ్చారు. నేను లెక్క పెట్టలేదు, పెట్టేంత లేదు కూడా.

మీరు వద్దంటే వాళ్ళు రాకుండా పోరు. మీరు రమ్మంటే ఎవరైనా వస్తారా?

రామలక్ష్మి


ఏలూరు,
3 ఆగస్టు 2025

వదినగారికి రామలక్ష్మి నమస్కారాలు.

మీ దగ్గర్నుంచి రెండు నెలలుగా ఉత్తరం లేదు. న్యాయమే. ఆ చివరి వాక్యం రాసి, పోస్టులో వేసి, ఇంటికొచ్చేలోపే నాకు తల తీసేసినట్టయింది. మీరు చీకట్లో నా చెయ్యి కోసం వెతుక్కున్న రోజు నేను గురువారం భోజనం కోసం ఎదురుచూస్తున్నాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. అయినా ఇవాళ మీకు తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేను.

నిన్న మత్తయి వచ్చాడు. క్లబ్బులో ముప్ఫై ఏళ్ళుగా టీలు అందిస్తున్నాడు. మా వారి కళ్ళజోడు పెట్టె, శాలువా, మూతున్న టీ కప్పు తెచ్చి ఇచ్చాడు. కూర్చోబెట్టి టిఫిన్ పెట్టి, మాటల్లో మాటగా అడిగాను. అయ్యగారి పక్క కుర్చీలో ఎవరు కూర్చునేవారు మత్తయీ, బుచ్చిబాబుగారేనా అని. అతను ఇడ్లీ తుంచినవాడు తుంచినట్టే ఆగిపోయాడు. "అయ్యగారి పక్కన పదకొండేళ్ళుగా ఎవరూ కూర్చోలేదండి అమ్మగారూ" అన్నాడు.

ఆ క్లబ్బులో ఎవరినీ తీసెయ్యరట. నచ్చని పని చేస్తే, అతనికి రెండు పక్కలా ఉన్న కుర్చీలు బారెడు దూరం జరుపుతారట. ఇక ఎవరూ పలకరించరు. దానికి పేరు కూడా లేదు, కుర్చీ జరిగిందంటే అందరికీ అర్థమవుతుంది. పదకొండేళ్ళ క్రితం కొల్లేటి ఒడ్డున ఒక ఊరి కాలవ పూడ్చి చెరువులు తవ్వుకోవడానికి, ఊరంతా ఒప్పుకున్నట్టు అర్జీ తయారైందట. అది క్లబ్బు సిఫారసుతో పైకి వెళ్ళాలి, క్లబ్బు సెక్రటరీగా మా వారు సంతకం పెట్టాలి. ఊళ్ళో ఎవరిని అడిగారని అడిగి, కలం మూసేశారట. అప్పుడే సెక్రటరీ పని పోయింది. అదీ నాకు తెలియదు. మత్తయి ఆ ఊరి పేరు చెప్పాడు, అది మీరు పుట్టిన ఊరే.

మరి ఆ కబుర్లన్నీ ఎక్కడివి అన్నాను. పడవ కథ చెప్పాను. మత్తయి తల వంచుకుని నవ్వాడు. "అది నాకు ముందే తెలుసండి. అయ్యగారు కాలవ వైపు చూస్తా తనలో తనే నవ్వుకునేవారండి. ఏంటండీ అంటే, ఇంటికెళ్ళి చెప్పాలిరా, బాగుందో లేదో విను అనేవారు. బాగుందంటేనే తమకి చెప్పేవారండి."

పదకొండేళ్ళు వదినా. పదకొండేళ్ళు నేను అన్నం వడ్డిస్తూ విన్నవాటిలో ఒక్కటీ జరగలేదు. రెండున్నర గంటలు ఆయన అక్కడ ఒక్కరే, నేను ఇక్కడ ఒక్కదాన్నే. నడిస్తే పది నిమిషాల దూరం. ఇంట్లోనే ఉండిపోవచ్చు కదా, ఎందుకు వెళ్ళినట్టు అని రాత్రంతా ఆలోచించాను. నా కోసమే. స్టాఫ్ రూములో "మా వారు క్లబ్బులో అన్నారు" అని నేను మాట మొదలుపెట్టినప్పుడు నా మొహం ఎలా ఉండేదో మీరు చూశారు. అదే మొహం ఆయన రోజూ అన్నం దగ్గర చూశారు.

కవరు ఇంకా ఖాళీగానే ఉంది. మత్తయీ, నీ పేరు రాయనా అన్నాను. దండం పెట్టాడు. "వద్దండి. ఆ కుర్చీలో కూర్చుంటే నా పక్కనా ఎవరూ కూర్చోరు. నాకైతే కబుర్లు చెప్పడం కూడా రాదండి" అన్నాడు.

మీ
రామలక్ష్మి


తాడేపల్లిగూడెం,
18 ఆగస్టు 2025

రామలక్ష్మి వదినగారికి పుష్పమ్మ వందనాలు.

మీ ఉత్తరం పట్టుకుని మా ఊరు వెళ్ళి వచ్చాను. అందుకే ఆలస్యం. మా తమ్ముడు మధుబాబుకి చదివి వినిపించాను. ఆ ఏడాది యంత్రాలు ఊరి చివరి దాకా వచ్చి, వారం రోజులు నిలబడి, వెనక్కి వెళ్ళిపోయాయట. ఏలూరులో ఎవరో సంతకం పెట్టలేదని తెలిసింది గానీ, ఎవరో తెలియలేదని రాసి చూపించాడు. ఆ కాలవలో ఇప్పటికీ చేపలు పట్టే మావులు వేస్తున్నారు. మా తమ్ముడు పట్టిన చేపలు నేను తిన్నాను. నేనూ అన్నయ్యగారికి ఒక్కసారైనా దండం పెట్టలేదు.

మే నెలలో మీరు రాసిన మాటకి చాలా రోజులు కోపంగా ఉన్నాను. తరువాత ఆలోచిస్తే అది నిజమే. మీ మొదటి నాలుగు నెలల్లో, దినాలకి తప్ప, నేను రాలేదు. వినపడని మనిషిని వచ్చి ఏం ఓదారుస్తానని సిగ్గుపడ్డాను. మీరు నా చీకట్లోకి రాలేదు, నేను మీ నిశ్శబ్దంలోకి రాలేదు. సరికి సరి అనుకుందాం, ఇక ఆ మాట వద్దు.

కవరులో ఎవరి పేరు రాయాలో నేను చెప్పను. అది మీదే.

మీ పుష్పమ్మ


ఏలూరు,
21 అక్టోబర్ 2025

వదినగారికి రామలక్ష్మి నమస్కారాలు.

మొన్న పధ్నాలుగున ఆయన సంవత్సరీకం అయింది. సాయంత్రం క్లబ్బులో కవరు తెరిచారు. పెళ్ళయిన నలభై మూడేళ్ళలో నేను ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి. గోడవైపు తిరిగి ఉన్న ఆయన కుర్చీ దగ్గర నిలబడ్డాను. ఫణికిరణ్ గేటు బయట కారులో ఉన్నాడు. సూర్యతేజ కొత్త చొక్కా వేసుకుని వరండాలో ఉన్నాడు.

బుచ్చిబాబుగారు కాగితం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. "ఇదేంటండీ, మీ పేరే రాశారు" అన్నారు.

"ఒక పేరు రాయమన్నారండి. రాశాను" అన్నాను.

ఆడవాళ్ళు ఎప్పుడూ లేరన్నారు. నిబంధనల పుస్తకం తీసుకెళ్ళాను. ఆయన సెక్రటరీగా ఉన్నప్పటి ప్రతి ఒకటి మా బీరువాలోనే ఉంది. జిల్లాలో నివాసం, ముప్ఫై ఏళ్ళు దాటిన వయసు, అంతే ఉంది. అప్పట్లో రాసినవాళ్ళకి ఆడవాళ్ళు వస్తారని తోచి ఉండదు, అందుకే వద్దని రాయలేదు. చాలాసేపు గుసగుసలాడుకున్నారు. చివరికి మత్తయిని పిలిచి కుర్చీ తిప్పమన్నారు. ఇక నేను పోయేదాకా అది ఎవరికీ రాదు. మూడు నెలలు వరసగా వెళ్ళకపోతే మాత్రం పోతుంది. కాబట్టి రోజూ వెళుతున్నాను.

మర్నాడు వెళ్ళేసరికి రెండు పక్కలా కుర్చీలు బారెడు దూరంలో ఉన్నాయి. మత్తయి పంచదార లేని టీ తెచ్చాడు. అది ఆయన అలవాటు, నాది కాదు. తాగాను. ఆ కుర్చీలోంచి కాలవ, అవతలి గట్టు మీద ఆరేసిన బట్టలు, వంతెన మీద పోయేవాళ్ళు కనిపిస్తారు. ఎవరూ నావైపు చూడరు. రెండున్నర గంటలంటే ఎంతసేపో నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

గురువారం భాగ్యశ్రీ వచ్చింది, మా ఇంట్లో ఉండిపోయిన క్యారియరు కోసం. గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రామ్మా అన్నాను. "డ్రైవరు వెయిట్ చేస్తున్నాడండీ" అంది. పిన్నిగారూ అనలేదు. క్యారియరు కడిగి తుడిచి ఇచ్చాను. ఇలా అవుతుందని తెలిసే చేశాను, అయినా చాలా బాధేసింది వదినా. ఆ పిల్ల చేతులు మాత్రం నిజంగానే మెత్తగా ఉండేవి.

ఏడున్నరకి ఇంటికొస్తాను. తాళం తీసి, దీపం వేసి, అన్నం పెట్టుకుంటాను. క్లబ్బులో ఏం జరిగిందో చెప్పడానికి ఎదురుగా ఎవరూ ఉండరు. చెప్పడానికి ఏమీ జరగదు కూడా.

మీ
రామలక్ష్మి


తాడేపల్లిగూడెం,
29 అక్టోబర్ 2025

వదినగారికి,

క్రిస్మస్‌కి మీరు ఇక్కడికి వస్తున్నారు. వారం రోజులకి కుర్చీ ఎక్కడికీ పోదు. స్టేషనుకి నేనే వస్తాను, ఇప్పుడు కుడి కన్ను బాగా కనిపిస్తోంది. ఎడమ కంటికి జనవరిలో. ఆ రోజు గురువారమైనా మీరు ఉండాలి.

అందాకా క్లబ్బులో ఏం జరిగిందో రోజూ నాకు రాయండి. జరిగిందే రాయక్కర్లేదు. చెప్పడానికి మీకు మనిషి కావాలి. నాకు చెవులతో పనిలేని కబుర్లు కావాలి.

మీ పుష్పమ్మ


ఏలూరు,
4 నవంబర్ 2025

పుష్పమ్మ వదినగారికి,

ఇవాళ క్లబ్బు కిటకిటలాడిపోయిందండీ. నేను వెళ్ళేసరికే బుచ్చిబాబుగారు తన కుర్చీ ఈడ్చుకొచ్చి నా పక్కన వేసుకున్నారు. మొన్న ఆయన మీ ఊరొచ్చారట, అల్లుడి తరఫున ఉపన్యాసం ఇవ్వడానికి. ఖాళీ స్థలం దొరక్క ఉల్లిపాయల మార్కెట్టులో వేదిక కట్టారట. ఆయన నోరు తెరిచారో లేదో, జనం అందరి కళ్ళలోనూ నీళ్ళు. జన్మలో ఇంత గొప్పగా మాట్లాడలేదనుకుని, పది నిమిషాల ఉపన్యాసం రెండు గంటలు చేశారట. చివరికి ఆయనే వెక్కి వెక్కి ఏడుస్తూ దిగి, "ఈ ఊళ్ళో మనకి మెజారిటీ ఖాయం" అన్నారట. అది చెబుతుంటే వరండా వరండా అంతా ఒకటే నవ్వులు. ఫణికిరణ్ అయితే కుర్చీలోంచి పడబోయాడు.

అతనికి కుర్చీ లేదన్న సంగతి ఇది రాస్తుంటే గుర్తొచ్చింది. రేపటి నుంచి జాగ్రత్తగా ఉంటాను.

కాలవ వైపు చూసి నవ్వుకుంటుంటే మత్తయి వచ్చి, ఏంటండీ అమ్మగారూ అన్నాడు. ముందు అతనికి వినిపించాను. బాగుందన్నాడు. అందుకే మీకు రాస్తున్నాను.

మీ
రామలక్ష్మి